సద్దుల బతుకమ్మకి కొత్త రీలా?

మేనమామ: ఒక్కటే మాట. పరీక్షించని రీలు పండగ రోజు కెమెరాలోకి ఎక్కకూడదు. మామూలు ఆదివారమైతే నీ ఇష్టం, భద్రకాళి చెరువు గట్టుకి వెళ్ళి పిట్టల్ని తీసుకో, మబ్బుల్ని తీసుకో. సద్దుల బతుకమ్మ ఏడాదికి ఒక్కరోజు. మా అమ్మకి ఎనభై రెండు దాటాయి. నిరుడు పేరుస్తూ పేరుస్తూ రెండుసార్లు నడుం వాల్చింది. ఆమె గునుగు పేర్చే బొమ్మ చెడితే మళ్ళీ తీద్దాంలే అనుకోవడానికి ఉండదు.

మేనకోడలు: మళ్ళీ రాని రోజు కాబట్టే కొత్త రీలు వేస్తానంటున్నా మామా. ఉన్నది ఉన్నట్టు కావాలంటే ఫోన్లున్నాయి. ఆ రోజు మన ఇంట్లో పదకొండు ఫోన్లు తిరుగుతాయి. అన్నింట్లోనూ అమ్మమ్మ ఒకేలా పడుతుంది, ముడతలన్నీ నున్నగా అయిపోయి, చుట్టూ బంతిపూలు బల్బుల్లా వెలుగుతూ. వాటికి పన్నెండోది చేర్చడానికి నాకు ఫిల్మ్ ఎందుకు? ఫిల్మ్ వేస్తున్నానంటేనే ఇంకేదో కావాలని.

మేనమామ: ఆ ఇంకేదో ఏమిటో నీకే తెలియదు. ఇంతకీ ఏం రీలు?

మేనకోడలు: ఫీనిక్స్ 200. ఇంగ్లండులో మాబర్లీ అనే ఊళ్ళో హార్మన్ వాళ్ళు చేసింది. నువ్వు వాడిన ఇల్ఫర్డ్ నలుపు తెలుపు రీళ్ళు తీసేది వాళ్ళే. 2023 డిసెంబరులో బయటికొచ్చింది. ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొట్టమొదటి కలర్ ఫిల్మ్ అది. మామూలు కలర్ రీళ్ళని కడిగే సి-41 పద్ధతిలోనే కడగొచ్చు.

మేనమామ: విన్నాలే. అమ్మేటప్పుడు వాళ్ళే చెప్పారు కదా ఇది ఇంకా ప్రయోగమే అని. వెలుగున్నచోట తెల్లగా పేలిపోతుంది, నీడలు బొగ్గవుతాయి, గింజ ఇసుకలా కనబడుతుంది. దీపం పెడితే చుట్టూ ఎర్రటి వలయం. అదెందుకొస్తుందో తెలుసా? కలర్ ఫిల్మ్‌లో పైపొర నీలానికి, నడిమిది ఆకుపచ్చకి, అడుగుది ఎరుపుకి. గట్టి వెలుగు మూడు పొరలూ దాటి, కింది ప్లాస్టిక్కూ దాటి, కెమెరా వెనక రేకుకి తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మొదట తగిలేది ఎర్ర పొర. అందుకే వలయం ఎర్రగా ఉంటుంది. అలా తిరిగి రాకుండా వెలుగుని తాగేసే పూత ఒకటి వేస్తారు. ఇందులో అది సరిపోను లేదు. వండినవాడే ఉప్పు తక్కువైందని ఒప్పుకున్న కూరని నువ్వు పండగ విస్తట్లో వడ్డిస్తానంటున్నావు.

మేనకోడలు: ఆ వలయమే నాకు కావాలి. కంటికి శుక్లాలు తీయించుకోకముందు అమ్మమ్మ ఏమనేదో గుర్తుందా? దీపం చుట్టూ పువ్వు పూసినట్టు కనబడుతోందని. డాక్టరు దాన్ని జబ్బు అన్నాడు, ఆపరేషన్ చేశాక పోయింది. ఆమె మాత్రం కొన్నాళ్ళు ఆ పువ్వేదని వెతుక్కుంది. గౌరమ్మ పక్కన దీపాన్ని ఆమె కళ్ళు చూసినట్టు చూపించే రీలు నీ అల్మారాలో ఒక్కటైనా ఉందా?

మేనమామ: మాట బాగుంది. ఫోటో బాగుంటుందని దాన్నిబట్టి చెప్పలేం. నేనొకటి చెబుతా విను. 1996 మాఘమాసం, వరసగా పెళ్ళిళ్ళు, మామూలు రీళ్ళు దొరకడంలేదు. దుకాణంవాడు కొత్త కంపెనీవి పది అంటగట్టాడు, ఒక్కోదానికి పదిహేను రూపాయలు తక్కువ. ఏ కంపెనీ అని అడక్కు. పేరు చెప్పి ఇప్పుడు ఒరిగేదేం లేదు. కడిగిస్తే తలంబ్రాల పసుపు మట్టి రంగుకి తిరిగింది. చీర ఎర్రంచు ఇటుకైంది. మొహాలన్నీ జ్వరం పడి లేచినట్టు ఆకుపచ్చ జీరతో ఉన్నాయి. పెళ్ళికూతురి తండ్రి నాతో గొడవపడి ఉంటే బాగుండేది. ఆల్బమ్ చివరిదాకా తిప్పి చూసి, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, మా రాత అన్నాడు. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేను కదా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు తెలియని రీలు ఏ శుభకార్యానికీ ముట్టలేదు.

మేనకోడలు: అది వాళ్ళ పెళ్ళి మామా. డబ్బు తీసుకున్నావు, మాటిచ్చావు. ఇది మన ఇల్లు. నేను ఎవరికీ ఆల్బమ్ ఒప్పజెప్పాల్సిన పనిలేదు.

మేనమామ: మా అమ్మకి అక్కర్లేదా? ఆమెని అడిగావా?

మేనకోడలు: అడిగా. మంచిగ తియ్యి బిడ్డా అంది.

మేనమామ: మంచిగ అంటే ఏమిటని అడిగావా?

మేనకోడలు: లేదు.

మేనమామ: అడగవు. ఎందుకంటే ఆమె జవాబు నీకు తెలుసు. మొహం తెలియాలి, చీర రంగు తెలియాలి, పేర్చిన బతుకమ్మ పైనుంచి కిందిదాకా పడాలి. గోడకి తగిలిస్తే వచ్చినవాళ్ళు గుర్తుపట్టాలి. అందులో నీ ఎర్ర వలయం లేదు.

మేనకోడలు: సరే, అది నేను ఒప్పుకోవాల్సిందే. ఫోటోలో ఉన్న మనిషికి కావాల్సింది వేరు, తీసేవాళ్ళకి కావాల్సింది వేరు. కానీ నువ్వు తెలిసిన రీలు, తెలిసిన రీలు అంటుంటే అదేదో శిలాశాసనంలా వినబడుతోంది. తెలిసిన రీలు ఎన్నాళ్ళు ఉంటుంది?

మేనమామ: ఉన్నన్నాళ్ళు చాలు. రఘుబీర్ సింగ్‌ని చూడు. జైపూర్ మనిషి. గంగ, బనారస్, రాజస్థాన్, దేశమంతా తిరిగాడు. ఏళ్ళ తరబడి కోడాక్రోమ్‌తోనే తీశాడు. ఏ ఎండకి ఏ ఎరుపు వస్తుందో, సాయంత్రం నీడ ఎంత నీలంగా దిగుతుందో కెమెరా ఎత్తకముందే ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టి రంగు గురించి ఆలోచించడం మానేసి మనుషుల్ని చూశాడు. రీలు మార్చినప్పుడల్లా నువ్వు చూసేది మనుషుల్ని కాదు, రీలునే. నీ కళ్ళు వేరే పనిలో ఉండగా అమ్మ పేర్చడం అయిపోతుంది.

మేనకోడలు: అదే కోడాక్రోమ్‌ని 2009లో ఆపేశారు. 1935లో మొదలైన ఫిల్మ్. దాని రంగులు రీల్లో ఉండవు, కడిగేటప్పుడు ల్యాబులో ఎక్కించాలి. ఆ పని చేసే చివరి ల్యాబు అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్ళో ఉండేది. 2010 డిసెంబరు 30 తర్వాత వచ్చిన రీళ్ళు తీసుకోం అన్నారు. ఆ రోజు నుంచి మిగిలిపోయిన కోడాక్రోమ్ రీళ్ళని రంగులో కడిగే మామూలు ల్యాబు లేదు. జీవితమంతా ఒక్క రీలే నేర్చుకున్నవాళ్ళు ఆ మర్నాడు ఏం చేయాలి? రఘుబీర్ సింగ్ అది చూడకుండానే 1999లో పోయాడు.

మేనమామ: కోడాక్రోమ్ పోయింది, గోల్డ్ ఉంది, పోర్ట్రా ఉంది, ఫ్యూజీ ఉంది.

మేనకోడలు: ఫ్యూజీ పెట్టె ఉంది. అమెరికాలో అమ్మే ఫ్యూజీకలర్ 200 పెట్టెమీద కొన్నేళ్ళుగా అమెరికాలో తయారైందని రాసి ఉంటోంది. దాని వివరాల కాగితం తీసి చూస్తే కోడాక్ గోల్డ్ కాగితానికి నకలులా ఉంది. నువ్వు ముప్పయ్యేళ్ళుగా నమ్మింది ఆకుపచ్చ పెట్టెని. లోపలున్నది ఎప్పుడు మారిందో నీకెవరూ చెప్పలేదు. నా రీలు కనీసం కొత్తది అని చెప్పి మరీ వచ్చింది.

మేనమామ: (ఇది నాకు తగిలిందని ఒప్పుకుంటా.) పేరు మార్చకుండా సరుకు మార్చడం మా కాలంలోనూ ఉండేది. అందుకే పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు ఒకే బ్యాచ్ నంబరువి ఇరవై రీళ్ళు కొని, ఒకటి కడిగి చూసి, మిగతావి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. మీ అత్తయ్య పెరుగు గిన్నెకి చోటు లేదని తిట్టేది. అంటే చూడు, తెలిసిన రీలుని కూడా నేను పరీక్షించాను. నువ్వు తెలియనిదాన్ని కూడా పరీక్షించనంటున్నావు.

మేనకోడలు: పరీక్ష వద్దనలేదు, ఎవరిని కొలతగా పెట్టుకుని పరీక్ష అని అడుగుతున్నా. కోడాక్ వాళ్ళు ల్యాబులకి పంపిన షర్లీ కార్డు సంగతి నీకు తెలుసు. తెల్లతోలు అమ్మాయి, రంగు రంగుల దిండ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు. దశాబ్దాలపాటు కలర్ ఫోటోకి కొలత ఆమే. నల్లవాళ్ళ మొహాలు మట్టిముద్దల్లా పడుతున్నాయని జనం అన్నప్పుడు కాదు, చాక్‌లెట్లవాళ్ళూ కర్ర సామానువాళ్ళూ మా సరుకు ఛాయలు తెలియడం లేదని గోల పెట్టినప్పుడు గోధుమరంగుల మీద పని మొదలైందని ఆ చరిత్ర తవ్వినవాళ్ళు రాశారు. 1970ల చివర మొజాంబిక్ వెళ్ళిన సినిమా దర్శకుడు గొదార్ కోడాక్ ఫిల్మ్ వాడనన్నాడు. నీ తెలిసిన రీలు ఎవరికి తెలిసిన రీలు మామా?

మేనమామ: నాకు చెబుతున్నావా? మన షాపులో పొద్దున్నే కంట్రోల్ స్ట్రిప్ నడిపి, ప్రింట్ల మిషన్‌ని దారికి తెచ్చి, ఆ తర్వాత మన పెళ్ళి గ్రూపు ఫోటో పెడితే ఏమయ్యేదో నాకు తెలుసు. పెళ్ళికొడుకు తెల్లగా ఉంటే మిషన్ అతణ్ణే చూసుకునేది. వెనక వరసలో నిలబడ్డ మేనత్తలు, పాలేర్లు కళ్ళూ పళ్ళుగా మిగిలేవాళ్ళు. ఎల్లో, మెజెంటా, సయాన్, డెన్సిటీ అని నాలుగు మీటలుండేవి. ఒక్కో ప్రింటుకి వాటిని నొక్కీ నొక్కీ వాళ్ళని చీకట్లోంచి బయటికి లాగేవాణ్ణి. మా అమ్మ నలుపే. ఆమె నలభయ్యో ఏట తీసిన ఫోటో ఉంది కదా హాల్లో, దానికి ఏడు ప్రింట్లు తీశాను.

మేనకోడలు: ఆ ఏడో ప్రింటు చూసే నేను కెమెరా పట్టాను.

మేనమామ: అయితే ఆ నోటితోనే ఇంకో మాట చెప్పు. నీడల్ని బొగ్గు చేసే ఫిల్మ్ నల్లటి మొహాన్ని ఏం చేస్తుంది? పాత రీళ్ళు అన్యాయం చేశాయి, నిజమే. పోర్ట్రా వచ్చేసరికి ఆ అన్యాయం చాలావరకు తగ్గింది. రెండు స్టాపులు వెలుగు ఎక్కువిచ్చినా ఓర్చుకుంటుంది, చెంపకింద నీడలో కూడా చర్మం చర్మంలా ఉంటుంది. ఇన్నేళ్ళకి మా అమ్మ మొహానికి సరిపడే రీలు ఒకటి వస్తే, నువ్వు దాన్ని పక్కనపెట్టి మళ్ళీ కళ్ళూ పళ్ళూ మిగిల్చేదాన్ని ఎక్కిస్తానంటున్నావు. అదీ ఆమె పేరు చెప్పి.

మేనకోడలు: అది... దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వసారాలో మధ్యాహ్నం వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది. ఒక స్టాపు ఎక్కువ ఇస్తే, ఎదురుగా తెల్ల దుప్పటి పరిచి వెలుగు మొహం మీదికి తిప్పితే నిలబడుతుందని నా లెక్క.

మేనమామ: లెక్క కాదు, ఆశ.

మేనకోడలు: ఆశే అనుకో. పేరుస్తుండగా ముప్పయిరెండు తీస్తా. దీపానికి నాలుగు, అవి స్టాండు మీద. ఆట జోలికి పోను. పొద్దు వాలాక 200 రీలుతో తిరిగే మనుషుల్ని పట్టడం కుదరదని నాకూ తెలుసు.

మేనమామ: ఇంకో చిక్కుంది. మామూలు కలర్ నెగెటివ్ నారింజ రంగులో ఉంటుంది కదా, అది అందం కోసం పెట్టింది కాదు. మెజెంటా, సయాన్ రంగులు పుట్టుకతో శుద్ధిగా ఉండవు. వాటి దోషం కొట్టేయడానికి పెట్టిన ముసుగు అది. నీ ఫీనిక్స్‌కి ఆ ముసుగు లేదు. ల్యాబు స్కానరు నారింజ ఉంటుందనుకుని దాన్ని తీసేస్తుంది. లేనిదాన్ని తీసేస్తే మిగతా రంగులు ఎటు పోతాయో ఎవడికి తెలుసు? ఫీనిక్స్ రంగులు ఇలా ఉంటాయని నువ్వు చూసే బొమ్మల్లో సగం ఫిల్మ్ రంగు కాదు, మిషన్ అయోమయం. అలాంటప్పుడు నువ్వు పరీక్షిస్తున్నది రీలునా, ల్యాబునా?

మేనకోడలు: నెగెటివ్ దగ్గర ఎప్పుడూ అంతే కదా. నీ నాలుగు మీటలు ఏం చేశాయి? గోల్డ్ రంగు అని జనం అనుకున్నది వరంగల్‌లో నీ వేలు నొక్కిన రంగు. నెగెటివ్‌లో రంగు ఉండదు, ఎవరో ఒకరు తేల్చేదాకా అది బేరంలోనే ఉంటుంది. నేను ల్యాబు స్కాన్ తీసుకోను. నెగెటివ్‌ని లైటుబల్లమీద పెట్టి డిజిటల్ కెమెరాతో నేనే ఫోటో తీసుకుని, నేనే తిప్పుకుంటా.

మేనమామ: ఆ మాటకొస్తే నీకు ఇంకో అస్త్రం నేనే ఇస్తా. కొన్ని నీలిపూలు ఫిల్మ్ మీద గులాబీ జీరకి తిరుగుతాయి. ఆ పూలు ఎరుపుకి అవతలి అంచు వెలుగుని బాగా వెనక్కి కొడతాయి. అది మన కంటికి అందదు, ఫిల్మ్‌కి అందుతుంది. మొదటిసారి చూసినప్పుడు ల్యాబువాణ్ణి తిట్టాను. తప్పు వాడిది కాదు. ఎంత మంచి రీలైనా ఆ అబద్ధం ఆడేది.

మేనకోడలు: చూశావా.

మేనమామ: ఏం చూశావా? ఆ అబద్ధం ఏదో నాకు తెలుసు. నీలిపూలున్నచోట జాగ్రత్తపడేవాణ్ణి. రీలు నిజం చెప్పాలని నేనెప్పుడూ అనలేదు కోడలా. ఎక్కడ అబద్ధం చెబుతుందో ముందే తెలియాలి. నీ రీలు తంగేడు దగ్గర చెబుతుందో, కుంకుమ దగ్గర చెబుతుందో, మా అమ్మ చెంప దగ్గర చెబుతుందో నీకు తెలియదు.

మేనకోడలు: ఒకటి మాత్రం తెలుసు. ఇలాంటివి కొనేవాళ్ళు లేకపోతే ఇలాంటివి రావు. హార్మన్ వాళ్ళు ఈ అమ్మకం డబ్బుని తర్వాతి ఫిల్మ్‌లో పెడతామన్నారు, 2025లో ఫీనిక్స్ రెండు తెచ్చారు, కాంట్రాస్టు తగ్గించి, గింజ సన్నం చేసి. మనకి ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉండేది. ఇందు రీలు. ఇప్పుడేదీ?

మేనమామ: పాస్‌పోర్ట్ ఫోటోలన్నీ దాంతోనే తీశాను, నలుపు తెలుపు. ఊటీ మూతపడింది ఒక్క రీలు కొనకపోవడం వల్ల కాదు, అది వేరే పురాణం. రెండోది మెరుగ్గా వచ్చిందంటే మొదటిదాంట్లో తక్కువ ఉన్నట్టేగా. నీ దగ్గరున్నది?

మేనకోడలు: మొదటిదే. ఒక్కటే ఉంది.

మేనమామ: ఫ్యాక్టరీని బతికించాలనుకుంటే పది కొను, నేనూ డబ్బిస్తా. దానం వేరు, మా అమ్మ వేరు. సరే, నా లెక్క చెబుతా. గ్రే కార్డు అక్కర్లేదు. నాలుగు పెట్టుకో: పసుపు, కుంకుమ, తమలపాకు, తంగేడు ఉన్న పళ్ళెం ఒకటి. ఉతికిన తెల్లపంచె ఒకటి. నీ మొహం. నా మొహం, నాది అచ్చం మా అమ్మ రంగే. ఒక్కోదాన్ని ఎండలో, వసారా నీడలో, బల్బుకింద. ఒక్కో వెలుగులో మీటరుని 100కి, 200కి, 400కి పెట్టి ఒక్కోటి. నాలుగు మూళ్ళు పన్నెండు, పన్నెండు మూళ్ళు ముప్పయ్యారు. రీలు సరిగ్గా అయిపోతుంది. నోటుబుక్కులో ప్రతి ఫ్రేమూ రాసుకో. ఆ తర్వాత ఇంకో రీలు తెప్పించుకుని అమ్మకి తియ్యి, నేను పక్కన నిలబడి దుప్పటి పట్టుకుంటా.

మేనకోడలు: పళ్ళెం పరీక్షలో పళ్ళెం సంగతి తెలుస్తుంది. అమ్మమ్మ పువ్వు గుచ్చబోతూ ఆగి, ఇది కాదని పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంటుంది చూడు, ఆ ఆగడంలో రీలు ఏం చేస్తుందో పళ్ళెం చెప్పదు.

మేనమామ: చెప్పదు. మొహం బొగ్గవుతుందా లేదా చెబుతుంది. అంతవరకే నేను అడుగుతున్నది. పరీక్ష కుదరకపోతే నా ఎఫ్ఎమ్2 కెమెరా తీసుకో, దాంట్లో పోర్ట్రా వెయ్యి, రెండూ మెళ్ళో వేసుకో.

మేనకోడలు: రెండు కెమెరాలు మెళ్ళో వేసుకుంటే ఏది ఎత్తాలా అని చూసుకోవడమే అవుతుంది. రీలు మారిస్తే కళ్ళు మనుషుల మీద ఉండవని నువ్వేగా అన్నావు.

మేనమామ: అన్నాను. అయితే పరీక్షే చెయ్యి. ఇవాళే మొదలుపెట్టు.

మేనకోడలు: ఇవాళ మొదలుపెడితే రేపు కొరియర్. హైదరాబాదు ల్యాబుకి చేరి, వాళ్ళు కడిగి, నెగెటివ్‌లు తిరిగి రావడానికి పది రోజులు. ఇంకో రీలు తెప్పించడానికి మరో నాలుగు. సద్దుల బతుకమ్మ ఎనిమిది రోజుల్లో ఉంది.

మేనమామ: కలర్ రీలు కడగడానికి పది రోజులేమిటి? డెవలపర్‌లో మూడుంబావు నిమిషాలు, అదీ ముప్పయ్యెనిమిది డిగ్రీల దగ్గర. మన షాపులో పొద్దున ఇస్తే మధ్యాహ్నం అన్నంవేళకి ప్రింట్లు ఇచ్చేవాణ్ణి.

మేనకోడలు: ఆ మిషన్ ఇప్పుడెక్కడుంది మామా?

మేనమామ: 2011లో అమ్మేశా. తుక్కు కింద, కిలోల లెక్కన.